లోపల వదిలిన గుడ్డ

ఇంట్లో కుట్టుకున్న బట్ట రెండేళ్లకు మించి బీరువాలో ఉండదని ఈ వారం ఒక పెళ్లిలో ఒకావిడ తేల్చేసింది. ఒళ్లు మారుతుందట, ఫ్యాషన్ మారుతుందట, కుట్టుకూలికీ లైనింగుకీ పోసే డబ్బుతో రెడీమేడ్‌లో రెండు జతలు వస్తాయట. పంక్తిలో కూర్చున్నవాళ్లంతా తలూపారు. వాళ్లలో కొందరి తల్లులు మిషన్ తొక్కి వీళ్లను చదివించారని నాకు తెలుసు. పెళ్లి భోజనం దగ్గర గొడవెందుకని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోవాల్సిన పని లేదు.

ఆవిడకి జవాబు నాకు ఎర్రబోరులో దొరికింది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, చింతూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద, శబరి ఒడ్డున ఉన్న కుంట దాటి దోర్నపాల్ వైపు వెళ్తుంటే తగులుతుంది ఆ ఊరు. ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో. సంతలో హిందీ, దోర్లీ, తెలుగు మూడూ ఒకే బేరంలో వినబడతాయి. మన పేపర్లకు ఆ ఊరు గుర్తొచ్చేది దాడులు జరిగినప్పుడే. 2006 జూలైలో అక్కడి మావోయిస్టు వ్యతిరేక సల్వాజుడుం శిబిరం మీద మావోయిస్టుల దాడి జరిగింది. ముప్పై మందికి పైగా చనిపోయారు, గుడిసెలు కాలిపోయాయి. ఆ రోజుల్లో ఊళ్లు వదిలి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ ఆదివాసుల గురించి 'కట్టుబట్టలతో వచ్చారు' అని రాసేశాం. ఆ కట్టుబట్టలు ఎన్నాళ్లొచ్చాయని మాత్రం ఒక్కరం అడగలేదు.

జగదల్‌పూర్ వెళ్తూ ఎర్రబోరులో దిగినప్పుడు, రోడ్డు వారగా ఒక రేకుల వసారాలో కాలిమిషన్ చప్పుడు వినబడింది. మిషన్‌కు పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. చుట్టూ బడిపిల్లల చొక్కాలు, గుండీల డబ్బా, చిరుగులు పడి బాగుచేయడానికి వచ్చిన లుంగీలు. మిషన్ తొక్కుతున్న ఆమె మాట్లాడింది భద్రాచలం తెలుగే, మధ్య మధ్య హిందీ ముక్కలు.

"నువ్వు కుట్టుకున్న బట్టలు ఎన్నాళ్లొస్తాయమ్మా?" అని అడిగాను.

"ఏ బట్టక్కా? కట్టుకునేదా, దాచుకునేదా?"

కట్టుకునేదైతే రెండు వానాకాలాలంది. పెళ్లిలో ఆవిడ ఈ ముక్క విని ఉంటే ఎంత సంబరపడేదో. కానీ ఈమె మాట అక్కడితో అయిపోలేదు. రెండు వానాకాలాలకు పోయేది చంకల దగ్గర, మోచేతుల దగ్గరే. వీపు, ముందుభాగం గట్టిగానే ఉంటాయి. వాటిలోంచి చంటిదానికి గౌను వస్తుంది. గౌను పోయాక దిండు గలీబు, ఆ తర్వాత మసిగుడ్డ. దాచుకునేది ఎన్నాళ్లొస్తుందని మళ్లీ అడిగితే నోటితో చెప్పలేదు. లోపలికెళ్లి ట్రంకు పెట్టె తెరిచి ఒక జాకెట్టు తెచ్చింది.

టూ బై టూ గుడ్డ, మిరపపండు రంగు. బయట వెలిసి ఇటుక రంగుకు దిగింది. ఆమె దాన్ని తిరగేసి పక్క కుట్టు దగ్గర రెండు వేళ్లతో పట్టి చూపించింది. పక్కపక్కనే మూడు కుట్ల వరసలు ఉండాల్సిన చోట ఒక్కటే మిగిలింది. మిగతా రెండు చోట్లా దారం లేదు, సూది దిగిన బెజ్జాలు మాత్రం చుక్కలుగా ఉన్నాయి. మొదటి కుట్టు పెళ్లప్పటిది. పెద్దవాడు పుట్టాక బ్లేడుతో ఒకటి విప్పింది, చిన్నది పుట్టాక ఇంకోటి. విప్పినప్పుడల్లా లోపల దాగిన గుడ్డ ఒక నిలువు చారలా బయటికొచ్చింది. ఆ చార ఎండ చూడలేదు కాబట్టి ఇప్పటికీ మిరపపండులాగే ఉంది. పైట కింద ఉండేదే కదా, ఎవరు చూస్తారని నవ్వింది.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ చారలో ఉంది. బట్ట నాణ్యత గురించి అందరూ మాట్లాడతారు: నూలా, పాలిస్టరా, ఎన్నో నంబరు దారం, ఏ ఊరి మగ్గం అని. కానీ ఇంట్లో కుట్టుకున్న బట్ట ఎన్నేళ్లు వస్తుందో తేల్చేది కుట్టుకు అవతల కనబడకుండా వదిలిన గుడ్డ. ఒక్కో అంచున 1 అంగుళం వదిలితే రెండు పక్కలా కలిపి మూడు, మూడున్నర అంగుళాలు లూజు చేసుకోవచ్చు. ఒక మనిషి పదేళ్లు లావెక్కడానికి అది చాలు. మన అమ్మలు పరికిణీ కుట్టేటప్పుడు కింద అడ్డంగా రెండు మూడు మడతలు వేసి కుట్టేవాళ్లు. పిల్ల ఎదిగిన ఏడాది ఒకటి విప్పేవాళ్లు. పదేళ్ల పిల్ల పరికిణీని పద్నాలుగేళ్లకు కూడా అదే పిల్ల కట్టేది, తర్వాత చెల్లెలికి మళ్లీ మడతలు పడేవి. ఆ మడత విప్పిన గీత ఇస్త్రీకి పోయేది కాదు. దాన్ని కప్పడానికి పైన ఒక లేసు కుట్టేవాళ్లు, అది డిజైనని ఊరంతా అనుకునేది.

ఇప్పుడు రెడీమేడ్ కుర్తా ఒకటి తీసి తిరగేయండి. అంచున ఓవర్‌లాక్ కుట్టు, దానికి అవతల ఏమీ ఉండదు. ఆ మిషన్ కుట్టుకుంటూనే పక్కన మిగిలిన గుడ్డను కత్తిరించేస్తుంది. కుట్టుకు, అంచుకు మధ్య ఉండేది ఒక సెంటీమీటరు, ఒక్కోసారి అదీ ఉండదు. కొట్లో అయిదారు కొలతలు దొరుకుతాయి, నిజమే. కొన్నాక ఉండేది ఒక్క కొలతే. మీరు రెండు కిలోలు పెరిగితే ఆ బట్ట మీది కాదు. ఇంట్లో వాడే మామూలు మిషన్‌లో పైదారం, బాబిన్ దారం ప్రతి కుట్టు దగ్గరా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒకచోట తెగినా పక్క కుట్లు నిలబడతాయి. టీషర్టు కింది అంచు అలా కాదు, అది బియ్యం బస్తా మూతి. సరైన కొస లాగితే చివరిదాకా ఊడొస్తుంది.

దీన్నంతా కంపెనీలు పొదుపు అంటాయి. ఒక్కో చొక్కాలో జానెడు గుడ్డ మిగిల్చితే లక్ష చొక్కాలకు ఎంత మిగులుతుందో లెక్క వాళ్లకు బాగా తెలుసు. అటువైపు లెక్క నేను చెబుతాను. ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతకుముందు పదిహేనేళ్లలో ప్రపంచంలో బట్టల తయారీ దాదాపు రెట్టింపైంది. ఒక్కో బట్టను పారేసేలోపు తొడిగే సార్లు 36 శాతం తగ్గాయి. చలిదేశాల వాళ్లు విసిరేసిన స్వెట్టర్లు ఓడలెక్కి మన పానిపట్‌కు వస్తాయి. అక్కడ వాటిని పీచు చేసి దుప్పట్లు నేస్తారు. మనమూ అలా విసిరేసే రోజు దూరం లేదు. మన వీధుల్లో పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె ఏం చూస్తుందో గమనించండి. చీర జరీ చూస్తుంది, ప్యాంటు మోకాళ్లు చూస్తుంది, కుర్తీల మూటను కాలితో పక్కకు నెడుతుంది.

ఇంట్లో కుట్టిందల్లా నిలుస్తుందనడం లేదు. లైనింగ్ గుడ్డను ముందు నీళ్లలో నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకుకే లోపలిది కుదించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుంది. పల్చటి నూలు గుడ్డకు గట్టి పాలిస్టర్ దారం వేస్తే కుట్టు చెక్కుచెదరదు, దాని పక్కనే గుడ్డ చిరుగుతుంది. ఇక దాచడం ఇంకో విద్య. ఎర్రబోరు లాంటి తడి ఊళ్లో ట్రంకు పెట్టెలో పాత గుడ్డ పరవకపోతే తుప్పు మరక పడుతుంది, అది ఏ సబ్బుకూ పోదు. గంజి పెట్టిన బట్టను దాచకూడదు, పురుగు ముందు గంజి కోసమే వస్తుంది. కలరా ఉండలు ఎన్ని వేసినా గంజి గంజే.

ఇలాంటి బట్టకు వయసు లెక్కపెట్టడం ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. బీరువాలోంచి పోయిన రోజునా? మా వైపు పాత చీరలు నాలుగు పరిచి, అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చి బొంత చేసేవాళ్లు. పైచీర చిరిగితే కొత్త పాతచీర పైన పడేది. అడుగున ఉన్నది ఎవరి పెళ్లినాటిదో గుర్తుండేది కాదు. పట్టు రవికలు, అంచులు సంక్రాంతికి గంగిరెద్దు వీపెక్కేవి. చనిపోయిన మేనత్త చీరను ఎద్దు మీద గుర్తుపట్టి బసవన్న కాళ్లకు దణ్ణం పెట్టిన ఇల్లాళ్లున్నారు.

బస్తర్ పక్కన ఈ ఓపిక ఇంకా పాతది. జగదల్‌పూర్ అవతల ఒడిశాలోని కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు పొడితో, ఆముదం, బూడిద, పేడ కలిపి నూలుకు ముదురు ఎరుపు పట్టిస్తారు. ఆ పని వారాల తరబడి సాగుతుంది. 2005లో ఆ నేతకు భౌగోళిక గుర్తింపు దక్కింది, 2018లో గోవర్ధన్ పణికాకు పద్మశ్రీ వచ్చింది. మందంగా ఉండే ఆ పాటా చీరకు కత్తెరే తగలదు. కుట్టు లేకపోతే ఊడేదేముంది? కుట్టు కావాల్సిన బట్టకు మాత్రం మిషన్ తప్పదు. యంత్రాలంటే పడని గాంధీజీ కూడా 1924లో సింగర్ కుట్టుమిషన్‌ను మాత్రం మినహాయించి, మనిషి కనిపెట్టిన పనికొచ్చే కొద్ది వస్తువుల్లో అదొకటని మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చింది ఇంట్లో ఒకరు కూర్చుని తమవాళ్లకు కుట్టే మిషన్‌ను. ఆ తర్వాత అది ఎన్ని వేదికలెక్కుతుందో ఆయన ఊహించి ఉండడు.

వేదిక అంటే గుర్తొచ్చింది. మన దేశంలో ఆడవాళ్ల ఏ కష్టానికైనా సర్కారు దగ్గర ఒకటే మందు: కుట్టుమిషన్. వితంతువుకు మిషన్, వరద బాధితురాలికి మిషన్, లొంగిపోయిన మావోయిస్టుకు కుట్టు శిక్షణ. ఫొటో దిగి, మిషన్ మీద నాయకుడి బొమ్మ అంటించి పంపిస్తారు. గుడ్డ ఎవరిస్తారు, ఆర్డరు ఎవరిస్తారు, పాడైన షటిల్ ఎక్కడ దొరుకుతుంది అన్న ప్రశ్నలకు వేదిక మీద చోటుండదు. దంతెవాడ జిల్లా గీదం దగ్గర 2021లో డానెక్స్ పేరుతో బట్టల ఫ్యాక్టరీ తెరిచారు, వందల మంది ఆడవాళ్లకు జీతమొచ్చింది. మంచిదే, నేను కాదనను. అయితే ఏ ఫ్యాక్టరీ లైనులోనైనా ఒకరు కాలరే కుడతారు, ఒకరు కఫ్ఫే కుడతారు. అయిదేళ్లు కఫ్ఫులు కుట్టిన అమ్మాయి ఇంటికొచ్చి తన జాకెట్టు తాను కత్తిరించుకోగలదా అంటే నాకు అనుమానమే. లోపల ఎంత గుడ్డ వదలాలో నిర్ణయించే కత్తెర లైనులో ఆమె చేతికి రాదు.

కూలి సంగతి చూస్తే ఇంకా మండుతుంది. తెలంగాణలో 2024లో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పనిని మహిళా సంఘాలకు ఇచ్చి, జతకు 50 రూపాయలున్న కూలిని 75 చేసి, దాన్ని పెద్ద వార్తగా చెప్పుకున్నారు. జత అంటే చొక్కా, లాగు. కాజాలు, గుండీలు, జేబు, నడుం పట్టీ, దారం ఖర్చు, కరెంటు, అన్నీ అందులోనే. అదే చొక్కా ఒక్కటి ఊళ్లో దర్జీకిస్తే ఎంతడుగుతాడో మీకు తెలుసు. 75 రూపాయలకు కుట్టే ఆమె రెండో వరస కుట్టు ఎందుకు వేస్తుంది? మడత ఎందుకు పెడుతుంది? ఆమెను అని లాభం లేదు, నాకైనా చేతులు రావు.

ఛత్తీస్‌గఢ్‌లోనూ అంతే. అక్కడ చేనేత సమాఖ్య గుడ్డ ఇస్తే స్వయం సహాయక సంఘాలు కుడతాయి. ఎర్రబోరులో ఆమె వసారాలో చూసిన చొక్కాల్లో ఎక్కువ భాగం కొత్తగా కుట్టడానికి వచ్చినవి కావు. బడిలో ఇచ్చినవే, పిల్లలకు బిగుతై ఆమె దగ్గరికొచ్చాయి. ఒక లాగు తీసి కింది మడత విప్పి చూపించింది. అర అంగుళం కూడా లేదు. దానికి వేరే గుడ్డ ముక్క అతికి పొడవు చేస్తోంది, రంగు కలవదు. పిల్లవాడు బడిలో ఆ పట్టీని చేత్తో దాచుకుంటాడంది.

యూనిఫాం టెండర్లు రాసే అధికారులు ఈ శీర్షిక చదువుతారన్న భ్రమ నాకు లేదు. చదివే గుమాస్తా ఎవరైనా ఉంటే ఒక్క వాక్యం చేర్చమనండి: లాగు కింద 3 అంగుళాల మడత, చొక్కాకు రెండు పక్కలా 1 అంగుళం. దానికి పట్టే గుడ్డ జతకు జానెడు కూడా ఉండదు. కూలి మాత్రం 75 చాలదు, 150 అయినా ఇవ్వండి.