ఆటలో రాజ్యపాలనము

1931 మార్చి నెలలో వాడపల్లి వేంకటేశ్వరస్వామి రథోత్సవమున, రథముపై గాంధీమహాత్ముని పటము నిలిపిన జనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. నలుగురు నేలకొరిగిరి. తమ్ము పాలించు శాసనమును గూర్చి మాటాడుటకు, అందరికిని వోటు గల సభ ఆ జనులకు ఆనాడు లేదు. నేడు సభ కలదు, వోటు కలదు. వానిని వినియోగించు విద్యను మన బిడ్డలకు ఎవరు నేర్పుచున్నారు? పౌరశాస్త్రమును పరీక్షకు వల్లించి మరునాడు మరచుటయే మన పాఠశాలలలో ఆచారమైనది.

ఇట్టి తరి రాజ్యపాలనమును ఆటగా ఆడించు అంతర్జాల సాధనములు ఉపాధ్యాయులకు అందుబాటులోనికి వచ్చినవి. ఆస్ట్రేలియా రచయిత మాక్స్ బారీ 2002లో ప్రారంభించిన ‘నేషన్‌స్టేట్స్’ అందొకటి. ఆడువాడు ఒక దేశమును కల్పించి, దానికి వచ్చు సమస్యలపై నిర్ణయములు చేయును. వాని ఫలమును వెంటనే చూచును. అమెరికా సుప్రీంకోర్టు పూర్వ న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ 2009లో స్థాపించిన ‘ఐసివిక్స్’ ఇట్టి ఆటలను బడులకు ఉచితముగా నిచ్చుచున్నది. మన దేశమందును ఈ భావము క్రొత్తది కాదు. 1966లోనే ఢిల్లీ పాఠశాలలలో యువజన పార్లమెంటు పోటీలు మొదలైనవి. 2025 నవంబరు 26న అమరావతిలో మన రాష్ట్ర విద్యార్థులు నమూనా శాసనసభ జరిపిరి.

బడిలో ఆటయేమని పెద్దలు శంకింపవచ్చును. గోదావరి గట్టున కూర్చుండి పుస్తకము చదివినవానికి ఈత వచ్చునా? పాలనము సైతము అట్టిదే.

అయినను ఒక అపాయము కలదు. ఇట్టి ఆటలో ఆడువాడే ప్రభువు. అతనికి ప్రతిపక్షము లేదు. మీట నొక్కి పన్ను హెచ్చించువాడు ఆ పన్ను కట్టు రైతు మొగము చూడడు. ఈ అలవాటు ముదిరిన పౌరులు పోయి నియంతలు తయారగుదురు. కావున పిల్లవానికొక దేశము గాక, తరగతికంతకు ఒకే దేశము ఉండవలెను. ప్రతి నిర్ణయమునకు ముందు వాదము, వోటు జరుగవలెను. ఓడినపక్షము తీర్పునకు లోబడి, మరల వాదించుటకు సిద్ధపడవలెను. ఆట ముగిసిన పిదప ఉపాధ్యాయుడు లాభనష్టములను విచారింపజేయవలెను. యంత్రములు లేని బడిలో కాగితములతోనే దీనిని సాగింపవచ్చును.

ఈ శిక్షణ యావశ్యకతను కోనసీమ అనుభవముచే నెరుగును. 2022 మే నెలలో జిల్లాకు అంబేద్కరు పేరు చేర్చు ప్రాథమిక ప్రకటన వెలువడినపుడు అభ్యంతరములకు 30 దినముల గడువీయబడెను. గడువు తీరకమునుపే, మే 24న, అమలాపురమున మంత్రి యింటికిని శాసనసభ్యుని యింటికిని నిప్పంటించిరి. కాగితముపై వ్రాయదగిన అభ్యంతరమును అగ్గిపుల్లతో వ్రాసిరి! రాజ్యాంగ ముసాయిదా సంఘాధ్యక్షుని పేరు విషయముననే రాజ్యాంగమార్గము విడువబడెను. 1998లో లోక్‌సభకు జి.ఎం.సి. బాలయోగిని సభాపతిగా నిచ్చిన సీమకు ఇది తగునా?

ఆ ప్రకటననే రేపు తరగతిలో పాఠముగా నుంచుడు. ఒకడు కలెక్టరు కానిమ్ము, కొందరు అనుకూలురు, కొందరు ప్రతికూలురు కానిండు. అభ్యంతరము వ్రాయుట, ఎదిరివాని మాట వినుట, గడువు వరకు ఓపికపట్టుట పదునాలుగేండ్లకే అలవడిన, ఇరువదియేండ్లకు చేయి అగ్గిపుల్లను వెదకదు. అట్టి సభ లేని కాలమున ప్రాణములర్పించిన నలుగురి ఋణమును, సభ నడుపుట నేర్చిన బిడ్డలే తీర్పగలరు. ఉపాధ్యాయులును, తలిదండ్రులును ఆలోచింతురు గాక.