బోర్డు మీద ఏ కులం? అంట్ల దగ్గర ఏ కులం?

హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా నేను ఎక్కువగా బయటే తింటున్నాను. ఉద్యోగం నగరమంతా తిప్పుతుంది కనుక సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి ఇరానీ హోటళ్లు, అమీర్‌పేట మెస్సులు, కూకట్‌పల్లి కర్రీ పాయింట్లు, గచ్చిబౌలి ‘రుచుల’ రెస్టారెంట్లు, శివార్లలోని కల్లు కాంపౌండ్లు, అప్పుడప్పుడు జూబ్లీహిల్స్ పబ్బులు కూడా తెలిశాయి. నేను వంటల నిపుణుణ్ని కాను. ఏ బిర్యానీ గొప్పదో తేల్చే పోటీ మీద నాకు ఆసక్తి లేదు. కానీ ఇన్ని చోట్ల కూర్చుని తిన్నవాడిగా ఒక సంగతి నిస్సంకోచంగా చెప్పగలను. ఈ నగరంలో కులం మెనూ కార్డు కన్నా ముందే వీధిలోని బోర్డు మీద మనకు ఎదురవుతుంది. ఏ కులం పేరు బోర్డెక్కవచ్చు, ఏ కులం పేరు దాచుకోవాలి అన్నది ఎక్కడా రాసిలేని నిబంధన. అయినా అందరూ దాన్ని పాటిస్తున్నారు.

కూకట్‌పల్లి నుంచి కొండాపూర్ దాకా ఒకసారి బోర్డులు చదువుతూ వెళ్లండి. రాజుగారి పేర పులావు, రెడ్డిగారి పేర మెస్సు, చౌదరిగారి పేర నాటుకోడి, శాస్త్రిగారి పేర పచ్చళ్లు కనిపిస్తాయి. ‘బ్రాహ్మణ భోజనం’ అని నేరుగా రాసుకున్నవీ ఉన్నాయి. మాల, మాదిగ, చాకలి, మంగలి, ఎరుకల పేర ఒక్క భోజనశాల బోర్డు కూడా ఇన్నేళ్లలో నా కంటపడలేదు. ఆ కులాల్లో వంట తెలిసినవారు లేకనా? మొదటి రకం పేర్లు రుచికీ శుచికీ హామీపత్రాల్లా పనిచేస్తాయి. రెండో రకం పేర్లు గిరాకీని పోగొడతాయన్న భయం హోటల్ పెట్టేవారికీ ఉంది, వారికి మడిగె అద్దెకిచ్చేవారికీ ఉంది.

మా మేనత్త అనుభవమే ఇందుకు ఉదాహరణ. పెళ్లిళ్ల వంటల్లో చెయ్యితిరిగిన మనిషి. నాలుగేళ్ల కిందట శివారు కాలనీలో కర్రీ పాయింట్ పెట్టుకుంది. మడిగెలు చూపించినవారు మొదట ఊరు అడిగారు, తర్వాత ఇంటిపేరు అడిగారు, ఆ తర్వాత ‘చూసి చెబుతాం’ అన్నారు. మూడు చోట్ల అలా అయ్యాక నాలుగోది దొరికింది. బోర్డు మీద ఏ పేరు పెట్టాలన్న చర్చ ఇంట్లో రెండు రోజులు నడిచింది. మా బావ ఇంటిపేరే పెడదామన్నాడు. ‘ఆ పేరు చూసి కూర ఎవలు కొంటరు కొడుకా’ అని ఆమె ఒక దేవత పేరు రాయించింది. ఇప్పుడు ఆదివారం అక్కడ బోటి కూర పదకొండు గంటలకల్లా అయిపోతుంది. వరుసలో అన్ని కులాలవారూ ఉంటారు. ఆమె చేతి వంటకు అంటు లేదు, పేరుకే ఉంది.

ఆ బోటి సంగతే చూద్దాం. బోటి, తలకాయ, కాళ్లు, నల్ల, ఎండుతునకలు. మెత్తటి కండ ఉన్నవారి ఇళ్లకు పోగా మిగిలిన భాగాలను కమ్మటి తిండిగా మలిచే విద్యను నిలబెట్టింది ఎక్కువగా దళిత, బహుజన వాడల స్త్రీలు. ఇప్పుడవి చల్లటి గదుల్లో మట్టిమూకుళ్లలో వడ్డనకు వస్తున్నాయి. వెనక గోడకు ఎడ్లబండి చక్రం, పక్కన లాంతరు. మెనూలో వాటి పేరు ‘పల్లె రుచులు’, ‘తెలంగాణ స్పెషల్’. పైకులాల ఇంటి నుంచి వచ్చిన వంట కులం పేరుతో సహా నగరానికి వస్తుంది. వాడ నుంచి వచ్చిన వంట ఆ పేరు పోగొట్టుకుని ‘పల్లె’ అయిపోతుంది. రాజుగారి పులావు గోదావరి జిల్లాల క్షత్రియ కుటుంబాల వంటగా గుర్తింపు పొందడం మీద నాకు అభ్యంతరం లేదు. ఆ గుర్తింపు మిగిలినవారికి ఎందుకు దక్కదన్నదే నా ప్రశ్న. 2016లో చంద్రభాన్ ప్రసాద్ ‘దళిత్ ఫుడ్స్’ అన్న పేరుతోనే పచ్చళ్లు, పసుపు వంటివి అమ్మకానికి పెట్టినప్పుడు ఆ పేరే వార్త అయింది. ‘అయ్యంగార్’ బేకరీల పేరు ఎవరికీ వార్తగా తోచదు.

కొన్ని వంటలకు ఆ ‘పల్లె’ ముసుగు కూడా దొరకదు. బర్రె మాంసంతో చేసే కల్యాణి బిర్యానీ ఈ నగరంలో పేదల బిర్యానీ. మటన్ బిర్యానీ ధర పెట్టలేని హమాలీ, ఆటోడ్రైవరు, హాస్టల్ విద్యార్థి దానితో కడుపు నింపుకుంటారు. 1977 నాటి గోవధ నిషేధ చట్టం కింద కూడా ధ్రువపత్రంతో బర్రె మాంసానికి వీలుంది. అయినా నగర వంటల మీద రాసే ఫీచర్లలో దాని ప్రస్తావన అరుదు. ‘పెద్దకూర’ అన్న మాటను మనవాళ్లు గొంతు తగ్గించి పలుకుతారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత, బహుజన విద్యార్థులు ఆ కూరను బహిరంగంగా వండుకు తిన్నప్పుడు క్యాంపస్ ఘర్షణలతో అట్టుడికింది. వారు అడిగింది తమ ఇంటి తిండికి హాస్టల్ మెనూలో చోటు మాత్రమే.

ఇక ‘ప్యూర్ వెజ్’. 2014 శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు నిండినవారిలో దాదాపు 99 శాతం మాంసాహారులు. మిగిలినవారికి శాకాహార హోటళ్లు ఉండటం న్యాయమే. అయితే ‘శాకాహారం’ అంటే సరిపోయే చోట ‘ప్యూర్’ ఎందుకు చేరింది? ఇక్కడ శుద్ధం అన్న మాటకు ఎదుట నిలిచేది మైల. 2024 మార్చిలో జొమాటో సంస్థ శాకాహారం మోసే డెలివరీ కార్మికులకు వేరే ఆకుపచ్చ దుస్తులు ప్రకటించి, విమర్శలు రావడంతో మరునాడే వెనక్కి తగ్గింది. ఎర్ర చొక్కా వేసుకున్నవారిని నివాస సముదాయాల్లోకి రానీయకపోవచ్చన్న ప్రమాదాన్ని ఆ సంస్థే ఒప్పుకుంది. మూతపెట్టిన డబ్బాను మోసే మనిషి చొక్కాకు కూడా మైల అంటుతుందన్నమాట.

బోర్డు మీది పేరు ఇష్టాఇష్టాల వ్యవహారం కాదని అదే ఏడాది జూలైలో ఉత్తరప్రదేశ్ చూపింది. కాంవడ్ యాత్ర దారిలోని తిండి దుకాణాలు యజమానుల పేర్లు రాసిపెట్టాలని అధికారులు ఆదేశించారు. ఏం అమ్ముతున్నారో రాస్తే చాలు, పేర్లు రాయాలని బలవంతపెట్టరాదంటూ సుప్రీంకోర్టు జూలై 22న ఆ ఆదేశాలను నిలిపివేసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరికి పేరు పెట్టుబడి. మరొకరిని అదే పేరుతో గుర్తుపట్టి దూరం పెట్టవచ్చు.

ఈ పోరాటం కొత్తదేమీ కాదు. 1957లో పెరియార్ నాయకత్వంలో మద్రాసు ట్రిప్లికేన్‌లో హోటళ్ల బోర్డుల నుంచి ‘బ్రాహ్మణ’ పదం తీసేయాలని ఆందోళన నడిచింది. అంతకుముందే రాజ్యాంగం 15(2) అధికరణలో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్లను పేరుపెట్టి ప్రస్తావించింది. నీళ్లు తాగే చోటూ అన్నం తినే చోటూ కులానికి కంచుకోటలని రాజ్యాంగ నిర్మాతలకు తెలుసు. 1955 చట్టం హోటల్లోని పాత్రలను వాడనివ్వకపోవడాన్ని కూడా నేరంగా చేర్చింది. తెలుగు పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాత కూడా దశాబ్దాలు బతికింది.

నగరంలో అది లేదా? ముందు హాల్లో లేదు. డబ్బు చెల్లిస్తే ఎవరికైనా అదే గ్లాసు. వెనక్కి వెళ్లి చూడండి. చెయ్యి కడుక్కునే చోటు నుంచి వంటగది తలుపు తీసి ఉన్నప్పుడల్లా నేను చూస్తుంటాను. అంట్లు తోమే ఆడవాళ్లకు, మరుగుదొడ్లు కడిగేవారికి వేరే స్టీలు గ్లాసులు, వేరే పళ్లేలు ఉన్న హోటళ్లు ఒకటి కాదు. యజమానులను అడిగితే అది ‘శుభ్రత కోసం’ అంటారు. శుభ్రం చేసేవారి నుంచే శుభ్రతను కాపాడుకోవాలట! వండేవారి కులాన్ని బోర్డు మీద చాటుకునే హోటల్ కడిగేవారి కులాన్ని మాత్రం ఎన్నడూ చెప్పదు.

కలిసి తినడం ఈ నగరానికి తెలియని విద్య కాదు. ఇరానీ హోటల్లో ఖాళీ కుర్చీ ఉంటే ఎవరి ఎదురుగా ఎవరైనా కూర్చుంటారు. ఇంటిపేరు అడిగినవారిని నేను అక్కడ చూడలేదు. 2004లో మూతపడి 2014లో తిరిగి తెరుచుకున్న కల్లు కాంపౌండ్లలోనూ అంతే. గుడాలు, చేప ముక్కలు ముందు పెట్టుకుని అడ్డా కూలీ, మేస్త్రీ, చిన్న గుమస్తా ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఆడవాళ్లకు ఈ రెండు చోట్లా చోటు తక్కువన్నది నిజం. అయినా పబ్బు గుమ్మం దగ్గర చెప్పులు చూసి, మాట తీరు చూసి మనిషిని కొలిచే బౌన్సర్‌తో పోలిస్తే, సమానత్వం ఏమిటో ఆ బెంచీలే బాగా నేర్పుతాయి.

ప్రభుత్వం తలుచుకుంటే యాజమాన్యంలోనూ మార్పు తేగలదు. 2021లో తెలంగాణ మద్యం దుకాణాల కేటాయింపులో గౌడలకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వు చేసింది. మద్యం అమ్మడానికి వర్తించిన సూత్రం అన్నం అమ్మడానికి ఎందుకు వర్తించదు? ఆర్టీసీ బస్టాండ్లలో, మున్సిపల్ కాంప్లెక్సుల్లో, విశ్వవిద్యాలయాల క్యాంటీన్లలో దళిత, ఆదివాసీ స్త్రీలకు నిర్దిష్టమైన వాటా ఇవ్వాలి. హోటళ్లను తనిఖీ చేసే అధికారులు ఫ్రిజ్‌తో పాటు కార్మికుల గ్లాసులను కూడా చూడాలి. ఈ పేజీ చదివే విద్యార్థులు తమ వాడల వంటలను, వాటిని వండిన తల్లుల పేర్లతో సహా నమోదు చేయాలి. మా మేనత్త తన ఇంటిపేరును బోర్డు మీద రాయించుకుని కూడా అన్నే గిన్నెల బోటి అమ్ముకోగలగాలి. అంతవరకు ఈ నగరం తన భోజనప్రియత్వం గురించి గొప్పలు చెప్పుకోవడం తగదు.