కిటికీలను గీయువారెవరు?

కంప్యూటరు తెరమీద విండో యనబడు కిటికీని పట్టి యొక మూలనుండి మరియొక మూలకు లాగినయెడల, నది వెంటనే రాక, ముక్కలు ముక్కలుగా నీడ్చుకొని వచ్చుట మన విద్యార్థులలో ననేకులు చూచియుందురు. అట్టి యంత్రమును చూచిన పెద్దలు "ఇది ముసలిది, తీసివేయవలసినదే" యని తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు పెక్కుసారులు తొందరపాటని మా యభిప్రాయము. యంత్రము ముసలిదా కాదా యను ప్రశ్నకు ముందు, దాని కిటికీలను గీయుచున్న వారెవరని విచారింపవలెను.

లినక్సు యంత్రములలో చిరకాలముగా వాడుకలో నున్న ఎక్స్ విండో పద్ధతి 1984లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున పుట్టినది. రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనువారు దాని కాద్యులు. 1987లో వెలువడిన పదునొకండవ రూపమే నేటికిని నిలిచియున్నది. ఆ కాలపు సన్ వర్క్‌స్టేషన్ల తెరపై సాధారణముగా నడ్డముగా 1152, నిలువుగా 900 చుక్కలుండెడివి; మొత్తము 10,36,800. చుక్క కొక బైటు చొప్పున లెక్కించినను పదిలక్షలకు మించిన రాశి. తెరనిండ నున్న పుటను ఒక్క వరుస పైకి జరుపవలెనన్నచో, నించుమించుగా నీ రాశి నంతయు ప్రాసెసరే చదివి మరల వ్రాయవలసి వచ్చెడిది. లెక్కల పంతులుగారిచేత గోడలకు సున్నము వేయించినట్లుండెను! అందువలననే జీఎక్స్ వంటి గ్రాఫిక్స్ కార్డులు వచ్చినవి. "ఈ దీర్ఘచతురస్రము నచ్చటికి జరుపుము" అని ప్రాసెసరు ఒక్క యాజ్ఞ నిచ్చిన చాలును. తక్కిన పని కార్డు చూచుకొనును.

నేటి తెర మరింత పెద్దది. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల యెత్తు గల తెరకు చుక్కకు నాలుగేసి బైట్లు, సెకనుకు 60 మారులు నింపవలెనన్న 49 కోట్ల బైట్లకు పైగా నగును. ఇంత చాకిరికి ప్రత్యేకముగా నొక గ్రాఫిక్స్ భాగము మన డెస్క్‌టాపు యంత్రములలో దాదాపన్నిటను కలదు. అయినను తగిన డ్రైవరు లేనిచో నది తలాంతును పాతిపెట్టిన దాసునివలె నూరకుండును. అప్పుడు వెసా యను సామాన్యపు డ్రైవరు వచ్చి కూర్చుండును; భారమంతయు మరల ప్రాసెసరుపైననే పడును. కొన్ని కార్డులకు డ్రైవరుతోపాటు ఫర్మ్‌వేరు కూడ కావలెను. 2023లో వెలువడిన డెబియన్ 12కు పూర్వము, స్వేచ్ఛా అనుమతులు లేని ఫర్మ్‌వేరును ఆ వ్యవస్థ తన అధికార స్థాపక డిస్కులలో చేర్చెడిది కాదు. దానిని వేరుగా తెచ్చి పెట్టుట మరచిన యంత్రములెన్ని "ముసలివి" యనిపించుకొన్నవో!

జీఎల్ఎక్స్ఇన్ఫో అను చిన్న కార్యక్రమమును నడిపి చూడుడు. అందు కార్డు పేరునకు బదులు ఎల్ఎల్‌వీఎమ్‌పైప్ అని కనబడెనా, బొమ్మలు గీయుచున్నది ప్రాసెసరే యని తెలిసికొనవలెను. ఎక్స్11పెర్ఫ్ అను కార్యక్రమము, 500 చుక్కల చతురస్రమును సెకనుకెన్ని మారులు జరుపగలదో అంకెలతో చెప్పును. మార్పునకు ముందొకసారి, తరువాత నొకసారి కొలువవలెను. ఒక్కొక్క సారికి ఒక్క మార్పే చేయవలెను. కొందరు రంగుల లోతును 24 బిట్లనుండి 16కు తగ్గింపుడని సలహా చెప్పుదురు. వెనుకటి కార్డులకిది మంచి యుపాయమే గాని, ఛాయాచిత్రములలోని యాకాశము చారలు చారలుగా కనబడును. సరియైన డ్రైవరు దొరకినప్పు డీ త్యాగ మనవసరము. కిటికీల నీడలను, తళుకులను మాన్పించుట మాత్రము మాకు సమ్మతమే. వానివలన చదువునకు లాభమేమియు లేదు.

జ్ఞాపకశక్తి చాలని యంత్రమునకు ఈ వైద్యమేదియు పనిచేయదని యొప్పుకొనుచున్నాము. కావున మా కోరిక చిన్నది. క్రొత్త యంత్రముల కొరకు అర్జీ వ్రాయుటకు ముందొక శనివారము మధ్యాహ్నము, ఉపాధ్యాయు నొకరి పర్యవేక్షణలో, పై తరగతి విద్యార్థులకు కంప్యూటరు గదిని అప్పగింపవలెను. వారు ప్రతి యంత్రమునకును రెండేసి అంకెలు వ్రాసి తెత్తురు. ఏది యుంచవలెనో, ఏది పంపవలెనో, ఆ కాగితము చూచి పెద్దలు నిర్ణయింతురు గాక.