మాట వెనుక మాట: మెస్మరైజ్

"ఆ పాట మమ్మల్ని మెస్మరైజ్ చేసింది" అని కొత్తగూడెంలో మన యౌవనస్థులు అంటుంటారు. మైమరపించిందని భావం, తప్పులేదు. అయితే ఇది మెస్మర్ అను వైద్యుని పేరునుండి వచ్చిన మాట. తన అయస్కాంత శక్తితో రోగులు బాగుపడుదురని ఆయన పారిస్‌లో చెప్పేవాడు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన పండితులు కొందరికి కండ్లకు గంతలు కట్టి పరీక్షించారు. శక్తి ప్రయోగిస్తున్నామని చెబితే చాలు, ఏమీ చేయకున్నా వణికారు. చెప్పకుండా ప్రయోగిస్తే ఏమీ కాలేదు! అదంతా ఊహేనని తేల్చారు.

మన అడవి పల్లెల్లో ఈ మాటకు మరో వాడుక ఉంది. కూతురు అన్నం మానేస్తే, పక్కింటి ముసలమ్మే మెస్మరిజం చేసిందని ఒక తల్లి మాతో చెప్పింది. చేతబడి నెపంతో మనుషులను చంపిన సంగతులు తెలంగాణ పల్లెలకు కొత్త కావు. అందుకే ఆ తల్లిని వెంటబెట్టుకొని, ఆ ముసలమ్మ ఇంటికే వెళ్లి టీ తాగివచ్చాము.