తరగతి లేని విశ్వవిద్యాలయం



అమెరికా, ఐరోపా వార్తలు మనకెందుకులే అని పేజీ తిప్పేసే రోజులు కృష్ణా డెల్టాలో ఎప్పుడో పోయాయి. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే గుడివాడలో ఒక ఇంట నిద్ర పట్టదు. 2024 జనవరిలో కెనడా విద్యార్థుల అనుమతులకు పరిమితి ప్రకటించింది. అదే నెల నుండి బ్రిటన్ చాలామంది విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తెచ్చుకోకుండా ఆపింది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. మన ప్రార్థన కూటములలో వీసా మనవి లేని వారం అరుదు.

దారులు ఇలా ఇరుకవుతున్నప్పుడు అడ్డదారి చూపేవారు బయలుదేరతారు. అందుకే ఈ నెల ఒక పాత వార్త తీసుకుంటున్నాను.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రాన, డెట్రాయిట్ నగరానికి దగ్గరలో, ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అని ఒకటి ఉండేది. దానికి కార్యాలయం ఉన్నది, వెబ్‌సైటు ఉన్నది, విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు ప్రభుత్వ అనుమతి పొందిన సంస్థల జాబితాలో పేరు కూడా ఉన్నది. లేనివి రెండే: తరగతులు, పాఠాలు చెప్పేవారు. దానిని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ అధికారులే, మారువేషంలో. 2019 జనవరి ఆఖరున వల లాగారు. అందులో చేరినవారు ఆరు వందల పైచిలుకు. మొదట నిర్బంధించిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగు పిల్లలు.

వీరు దొంగతనంగా సరిహద్దు దాటినవారు కారు. చాలామంది సక్రమమైన వీసా మీద వెళ్లి, అసలైన విశ్వవిద్యాలయాలలో చదివినవారే. మరి అక్కడికెలా చేరారు? హెచ్-1బి వీసాలు ఏటా 85 వేలు. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు. లాటరీలో పేరు రాకపోతే, పని అనుమతి గడువు తీరిపోతే, ఇక్కడ అప్పు మిగిలి ఉంటే, తిరిగి వచ్చే ముఖం ఉండదు. ఏదో ఒక కాలేజీలో పేరుంటే దేశంలో ఉండవచ్చును, చదువు పేరుతో పనికి అనుమతీ దొరుకుతుంది. ఫీజు తక్కువ, హాజరు అక్కరలేదు అని ఒకడు చెవిలో చెప్పాడు.

ఆ చెప్పినవాడెవరు? విద్యార్థులను చేర్పించి కమీషను పుచ్చుకున్నారని ఎనిమిది మందిపై కేసు పెట్టారు. ఎనిమిది మందివీ తెలుగు పేర్లే. అందరూ నేరం ఒప్పుకున్నారు. "మనవాడే కదా" అన్న మాట ఎంత ఖరీదు చేసిందో చూడండి!

చేరినవారికి అది బూటకమని తెలుసునని ప్రభుత్వం వాదించింది. కొందరికి తెలిసే ఉండవచ్చును. కాని ప్రభుత్వమే తన జాబితాలో పేరు పెట్టి, ఫీజు కూడా పుచ్చుకొని, ఆ తరువాత చేతులకు బేడీలు వేయడం న్యాయమని నాకు తోచదు. ఆ ఫీజు కోసం ఒక విద్యార్థి వేసిన దావా నడవవచ్చునని 2024లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది.

ఇది మొదటిసారి కూడా కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం ఇలాగే మూతపడింది. అది ప్రభుత్వం పన్నిన వల కాదు, ఒక ఆమె నడిపిన వ్యాపారం. రికార్డులలో సగానికి పైగా విద్యార్థుల చిరునామా ఒకే ఒక్క అపార్టుమెంటు! అక్కడ కూడా ఎక్కువమంది మన ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. నడిపినామెకు 2014లో పదహారేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. అంత జరిగినా ఎనిమిదేళ్లకు ఫార్మింగ్టన్‌లో మళ్లీ మనవారే.

బెంజి సర్కిల్ చుట్టూ ఉన్న కన్సల్టెన్సీలలో నిజాయితీగా పనిచేసేవారు లేరని అనను. అయితే కమీషను మీద బ్రతికేవాడు మీ అబ్బాయి చదువు గురించి మీకంటే ఎక్కువ ఆలోచిస్తాడా? తలిదండ్రులు అడిగేది ఎంత ఖర్చు, ఎప్పుడు ఉద్యోగం అనే రెండు ప్రశ్నలే. ప్రభుత్వ జాబితాలో పేరు చూసుకోవడం మంచిదే గాని, అది చాలదని ఫార్మింగ్టన్ చూపింది.

అబ్బాయో అమ్మాయో ఫోనులో "నాన్నా, యూనివర్సిటీ మారుతున్నాను, ఇక్కడ ఫీజు తక్కువ" అన్న రోజున పొలం కాగితాలు తీయకండి. ఏ రోజున, ఏ గంటకు తరగతి? పాఠం చెప్పే ఆయన పేరేమిటి? ఆ భవనానికి నువ్వు స్వయంగా వెళ్లి చూశావా? ఇవి అడగండి. "మీకు తెలియదులే" అని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, మళ్లీ అడగండి. డబ్బు మరుసటి వారం పంపవచ్చును.