పళ్లు లెక్కపెట్టేవాళ్లు కావాలి

మా పల్నాడులో ఎడ్ల బండలాగుడు పోటీ ఒక్కసారైనా చూసినవాళ్లకు ఈ సీను తెలుసు. జత బరిలోకి దిగే ముందు ఒకాయన వస్తాడు. గిత్త మూతి పట్టుకుని, కింది పెదవి దించి, పళ్లు చూస్తాడు. రెండు పళ్లా, నాలుగా, ఆరా? దాన్నిబట్టే ఏ విభాగం, ఏ బండ అనేది తేలుతుంది. గిత్తను ఎన్ని లక్షలు పోసి కొన్నా సరే, ఓనరు ఎంత పెద్ద మనిషైనా సరే, ఆరు పళ్ల గిత్తని నాలుగు పళ్ల విభాగంలో కట్టనివ్వరు. ఇక్కడ పన్ను ఎగ్గొట్టడం కుదరదన్నమాట!

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న శివయ్య స్తూపం సెంటర్‌లో టీ తాగుతూ ఫోన్‌లో రగ్బీ లీగ్ గురించి చదివాను. మనకి ఆ ఆటతో పెద్దగా పరిచయం లేదు. జట్టుకి పదమూడు మంది, బంతి పట్టుకుని ఎదుటి జట్టు మీదికి దూసుకెళ్లాలి, వాళ్లు పట్టి పడేస్తారు. ఆరుసార్లు పడేసేలోపు ఏదో ఒకటి చెయ్యాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. చూస్తుంటే కబడ్డీకి దూరపు చుట్టంలా అనిపిస్తుంది.

ఆ ఆట పుట్టిందే కూలి డబ్బుల గొడవలో. ఉత్తర ఇంగ్లాండులో గని కార్మికులు, మిల్లు కార్మికులు శనివారం ఆటకెళ్తే ఆ రోజు కూలి పోయేది. పోయిన కూలి క్లబ్బు ఇస్తే తప్పేంటని వాళ్లు, డబ్బు తీసుకుంటే అది ఆటే కాదని పైవాళ్లు. చివరికి 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో కూర్చుని ఉత్తరాది క్లబ్బులు కొన్ని విడిపోయాయి. అదే రగ్బీ లీగ్ మొదలు. మిరపకాయల కోతల్లో మ్యాచ్ పెడితే మా ఊళ్లో సగం మంది ఎందుకు రారో తెలిసిన వాడిగా నాకు ఆ కార్మికుల బాధ ఇట్టే అర్థమైంది.

కూలి కోసం పుట్టిన ఆటలో ఇప్పుడు జీతాలకు హద్దు ఉంది. ఒక క్లబ్బు ఏడాదికి ఇంతకు మించి ఆటగాళ్లకు ఇవ్వకూడదు. డబ్బున్న క్లబ్బు మంచి ఆటగాళ్లందరినీ ఎత్తుకుపోకుండా ఈ ఏర్పాటు. హద్దు అంటూ ఉన్నాక దాటేవాళ్లూ ఉంటారు కదా. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ స్టార్మ్ అనే జట్టు లోపల ఒక లెక్క, బయటికి ఒక లెక్క నడిపింది. 2010లో దొరికిపోయింది. 2007, 2009 టైటిళ్లు వెనక్కి లాక్కున్నారు. ఆ సీజన్‌లో మిగతా మ్యాచులన్నీ ఆడండి, గెలిచినా పాయింట్లు రావు అన్నారు. అంతకు ముందు 2002లో బుల్‌డాగ్స్ అనే జట్టు పట్టికలో టాప్‌లో ఉండగా 37 పాయింట్లు కోసేస్తే నేరుగా అడుక్కి పడింది.

వాటికన్నా నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇంగ్లాండు కథ. అక్కడ అప్పట్లో అడుగున ఉన్న జట్లకు కింది డివిజన్‌కి పడిపోయే ప్రమాదం ఉండేది. పడితే టీవీ డబ్బు పోతుంది, మంచి ఆటగాళ్లు పోతారు, క్లబ్బులో చిన్న ఉద్యోగాలు పోతాయి. 2016లో సాల్ఫర్డ్ అనే క్లబ్బుకి, అంతకు ముందు రెండేళ్లలో జీతాల హద్దు దాటినందుకు ఆరు పాయింట్లు కోసేశారు. కింద పడే గండంలోకి వచ్చింది. చివరికి ఒకే ఒక్క మ్యాచ్ మిగిలింది. పేరే మిలియన్ పౌండ్ గేమ్. ఎదురుగా హల్ కేఆర్, అదీ వాళ్ల సొంత మైదానంలో. గెలిచినవాడు పైన, ఓడినవాడు కింద.

ఆట ముగియడానికి రెండు మూడు నిమిషాలుందనగా హల్ కేఆర్ 18-10తో ముందుంది. జనం సంబరాలకు సిద్ధమైపోయారు. అప్పుడు సాల్ఫర్డ్ వెంటవెంటనే రెండు ట్రైలు కొట్టి 18-18 చేసింది. అదనపు సమయంలో గారెత్ ఓబ్రయన్ అనే కుర్రాడు చాలా దూరం నుంచి బంతిని తన్నితే అది గోల్ కర్రల మధ్యలోంచి వెళ్లింది. 19-18. హల్ కేఆర్ కింది డివిజన్‌కి పోయింది.

కొంచెం ఆగి చూడండి. హద్దు దాటి శిక్ష పడిన జట్టు పైనే ఉండిపోయింది. కింద పడింది అవతలి జట్టు. రూలు ప్రకారం అన్నీ కరెక్టే. అయినా ఆ రాత్రి హల్‌లో ఎవరికైనా నిద్ర పట్టి ఉంటుందా?

సరే, మన దగ్గరికి వద్దాం. జీతాల హద్దుకి మనకి తెలిసిన పేరు 'పర్స్'. ఐపీఎల్ వేలంలో రోజంతా వినే మాటే. ప్రో కబడ్డీలో ఇప్పుడు జట్టుకి 5 కోట్లు. మన తెలుగు టైటాన్స్ 2023 అక్టోబరు వేలంలో ఏం చేసింది? పవన్ సెహ్రావత్ ఒక్కడికే 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. అప్పటికి లీగ్ చరిత్రలో అంత ధర ఎవరికీ పలకలేదు. రూలు దాటలేదు, ఒక్క రూపాయి దొంగ లెక్క లేదు. కానీ పర్సులో సగం పైనే ఒక్క మనిషికి పోతే మిగతా జట్టంతా మిగిలిన సగంలోనే సర్దుకోవాలి. పెళ్లి భోజనంలో డబ్బంతా బిర్యానీకే పెట్టి, ఆకుల దగ్గర, మంచినీళ్ల దగ్గర చెయ్యి బిగబట్టినట్టు ఉంటుంది వ్యవహారం. పవన్ రైడ్‌కి వెళ్లి పాయింట్లు తెస్తున్నాడు, వెనక డిఫెన్స్ ఇచ్చేస్తోంది. ఆ సీజన్‌లో 22 మ్యాచులకు 2 గెలుపులు. అందరికన్నా అడుగున.

అంతకు ముందు సీజన్‌లోనూ రెండే, అడుగునే. దానికి ముందు సీజన్‌లో ఒక్కటే, అదీ అడుగునే. మూడు సీజన్లు, 66 మ్యాచులు, 5 గెలుపులు. టైటాన్స్ టీషర్టు వేసుకుని తిరిగిన వాళ్లకి అది ఎలాంటి కాలమో నేను చెప్పక్కర్లేదు. మా గ్రూపులో వచ్చిన మీమ్స్ ఇంకా నా ఫోన్‌లో ఉన్నాయి.

కానీ టైటాన్స్ ఎక్కడికీ పడిపోలేదు. పడటానికి కింద మెట్టు లేదు మరి. అడుగున ఉన్నా మళ్లీ ఏడాది అదే లీగ్, అదే పర్స్. ఇది మంచిదా, చెడ్డదా? నేను చాలా రోజులు చెడ్డదే అనుకున్నాను. భయం లేకపోతే బద్ధకం వస్తుందని. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. దెక్కన్ ఛార్జర్స్ గుర్తుందా? మీలో చాలామంది అప్పటికి పలక పట్టుకునే వయసులో ఉండుంటారు. 2008 మొదటి ఐపీఎల్‌లో 14 మ్యాచులకు 2 గెలిచి అడుగున నిలిచారు. మరుసటి ఏడాది కప్పు కొట్టారు. కింద పడే రూలు ఉండుంటే ఆ కప్పు హైదరాబాద్‌కి వచ్చేదే కాదు. టైటాన్స్ కూడా అంతే, 2025 సీజన్‌లో అంత పెద్ద పేర్లేవీ లేకుండా, విజయ్ మాలిక్ కెప్టెన్సీలో రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లారు. పర్సుని నలుగురికీ పంచితే ఏమవుతుందో అప్పుడు కనబడింది.

మరి కింద పడటం మనకి అసలు తెలియదా అంటే, తెలుసు. 2022-23 రంజీలో హైదరాబాద్ జట్టు తన గ్రూపులో అడుగున నిలిచి ప్లేట్ గ్రూపులోకి జారింది. ఒకప్పుడు అజారుద్దీన్, లక్ష్మణ్ ఆడిన జట్టు ఈశాన్య రాష్ట్రాల కొత్త జట్లతో ఆడింది. తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు, ఫస్ట్‌క్లాస్ క్రికెట్లోనే అందరికన్నా వేగం. చప్పట్లు కొడుతూనే, అవతల బౌలింగ్ చేస్తున్న పిల్లల మొహాలు చూసి కాస్త ఇబ్బంది పడ్డాను. ప్లేట్ గెలిచి ఏడాదికే హైదరాబాద్ తిరిగి పైకొచ్చింది.

అటు హల్ కేఆర్ కూడా ఏడాదికే పైకొచ్చింది. 2025లో మూడు ట్రోఫీలూ వాళ్లవే. సాల్ఫర్డ్ మాత్రం అదే 2025 మొదట్లో డబ్బు కటకటతో, తక్కువ జీతాల హద్దు నెత్తిన పెట్టుకుని, మొదటి మ్యాచ్‌కి కుర్రాళ్లను దింపి 82-0తో ఓడింది. ఇప్పుడు సూపర్ లీగ్‌లో ఆ పేరు లేదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ కథ కూడా దీనికి దగ్గరే. 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన జట్టు, రెండేళ్లు తిరక్కుండా జీతాల బకాయిలతో, ఫిఫా నిషేధాలతో కుదేలై, చివరికి 2025లో ఢిల్లీకి మారిపోయింది. అందుకే ఈ హద్దు పక్క జట్టుని కాపాడటానికి మాత్రమే అనుకోకండి. ఓనరుని తన ఉత్సాహం నుంచి తనే కాపాడుకోవడానికి కూడా.

ఇంత చెప్పాను కదా, ఇప్పుడు నా సంగతి. వినుకొండకి దగ్గర్లోనే మా ఊరు. సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెడతాం. మా రూలు సింపుల్: మండలం వాళ్లే ఆడాలి, ఆధార్ చూపించాలి. నాలుగేళ్ల క్రితం మా జట్టు వరసగా రెండేళ్లు ఓడింది. పక్క ఊరివాళ్ల ముందు తలెత్తుకోలేకపోతున్నాం అని అందరం కూర్చున్నాం. "బయటోళ్లని ఇద్దర్ని దింపుదాం, ఎవడు చూస్తాడు" అన్నాడు మావాడొకడు. చందాలేసి, మనిషికి ఐదు వేల లెక్కన ఇద్దరు రైడర్లని తెచ్చాం. మా ఊరి కుర్రాళ్ల పేర్లతోనే దింపాం. పేర్ల లిస్టు రాసింది నేనే. చేతిరాత బావుంటుందని నాకిచ్చారు.

గెలిచాం. కప్పుని ట్రాక్టర్ మీద ఊరేగించాం.

ఆ ఇద్దరి కోసం మావాళ్లు ఇద్దరు బయట కూర్చోవాలి కదా. అందులో ఒకడు మా లెఫ్ట్ కార్నర్. పంతొమ్మిదేళ్లు. పొద్దున్నే లేచి చెరువు గట్టు మీద పరిగెత్తేవాడు, యాంకిల్ హోల్డ్ పట్టాడంటే రైడర్ కదలలేడు. ఆ రోజు వాడి పేరుతోనే బయటివాడు ఆడాడు. మైకులో వాడి పేరు చెప్పినప్పుడల్లా జనం ఈలలు వేస్తున్నారు, వాడు చెట్టు కింద కూర్చుని వింటున్నాడు. "వచ్చే ఏడు నువ్వేరా" అన్నాను. "సరేలే అన్నా" అన్నాడు. వచ్చే ఏడు రాలేదు. హైదరాబాద్‌లో డెలివరీ పనికి వెళ్లిపోయాడు. ప్రో కబడ్డీకి వెళ్లేవాడే అని నేను అనను, అంత ఉందో లేదో నాకు తెలియదు. తేల్చుకునే అవకాశం మాత్రం మేమే తీసేశాం.

మెల్‌బోర్న్ వాళ్ల రెండు లెక్కల గురించి చదివినప్పుడు నాకు కోపం రాకపోవడానికి కారణం ఇదే. నేను రాసిన లిస్టు కళ్ల ముందుకొచ్చింది.

వచ్చే సంక్రాంతికి మళ్లీ పోటీలు పెడదామని మొన్న కమిటీ కూర్చుంది. ఒకరిద్దరు బయటివాళ్లని ఒప్పుకుందాం, కానీ ఎవరికి ఎంత ఇస్తున్నారో బోర్డు మీద రాద్దాం అన్నాను. కప్పు వెనక్కి ఇచ్చేద్దాం అని కూడా అన్నాను, దానికి ఎవరూ పలకలేదు. "రూలు పెట్టొచ్చులే బావా, చూసేదెవరు?" అని మాత్రం అడిగారు. బండలాగుడు దగ్గర పళ్లు చూసే ఆయన్ని పిలుద్దాం అంటే అందరూ నవ్వారు. నేను జోక్ చెయ్యలేదు. ఆయనకి మా ఊళ్లో చుట్టాల్లేరు, ఏ జట్టు మీదా ప్రేమ లేదు, ఎంత పెద్ద ఓనరుకైనా మొహం మీదే "ఇది ఆరు పళ్లది, తీసుకుపో" అని చెప్పిన మనిషి. మాకు కావాల్సింది అలాంటివాడే.

కమిటీ వార్త ఎలా వెళ్లిందో ఏమో, ఆ రాత్రి హైదరాబాద్ నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది. "ఈసారన్నా ఆధార్ చూత్తారా అన్నా?"

ఆదివారం మళ్లీ మీటింగ్. వాడికి ఇంకా జవాబు పెట్టలేదు.