తడి కొండల్లో పొడి కాగితం

అరకులో ఓ ఫొటో స్టూడియో ఆయన చెప్పిన సంగతి ఇది. పక్క ఊరి నుంచి ఓ పెద్దాయన వచ్చారట. పోయిన భార్య ఫొటో ఇంట్లో పెట్టుకోవాలి. ఉన్నదల్లా ఒక్క పాస్‌పోర్టు సైజు ఫొటో. దాన్నే స్కాన్ చేసి, పెద్దది చేసి ప్రింటు తీసిచ్చారు. ఆ పూటకి చక్కగా ఉంది. వారం తిరక్కుండా పెద్దాయన మళ్లీ వచ్చారు. జుట్టు నలుపు నుదుటి మీదికి పాకింది. ‘‘మా ఇంటిదాని మొహం చెరిగిపోతోంది బాబూ’’ అన్నారట.

ప్రింటరు బాగానే ఉంది. రంగులూ కొత్తవే. జులైలో విప్పిన ప్యాకెట్‌లోని కాగితాలు రోజుల తరబడి ప్రింటరు ట్రేలోనే ఉండిపోయాయి. అదీ అసలు తప్పు.

ఇంక్‌జెట్ ఫొటో కాగితం మీద సిరాను పీల్చుకునే సన్నని పూత ఉంటుంది. సిరా కంటే ముందే గాలిలోని చెమ్మను పీల్చుకుంటే, ఇక సిరా నిలవడానికి చోటేదీ? రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. కాగితం వంకర తిరుగుతుంది. నిగనిగలాడే రకమైతే ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాత డార్క్‌రూమ్ కాగితానికి ఇంకో బెడద. దాని మీది జెలటిన్ బూజుకు మంచి మేత.

గాలిలో తేమ 40, 50 శాతం మధ్య ఉంటే ఈ కాగితాలకు హాయి. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో వానాకాలం అది 80 శాతం దాటడం మామూలే. చలికాలం పొగమంచు సరేసరి. పాడేరులోనైనా, అనంతగిరిలోనైనా ఇదే వరస.

మరేం చేయాలి? ఎండిన కాఫీ గింజను అక్కడి రైతు నేల మీద పెట్టడు, తడి గోడకు ఆనించడు. మనమూ అంతే. వంద కాగితాల కట్ట బదులు ఇరవై కాగితాల ప్యాకెట్లు కొనండి. కావలసినవి తీసుకుని, మిగిలినవి వెంటనే వాటి కవర్లోనే మూసి, గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో పడుకోబెట్టండి. నిలబెడితే వంగిపోతాయి. డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేయండి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారితే వాటి పని అయిపోయినట్టే. కొత్తవి వేయాలి. పిల్లలకు అందనివ్వకండి. బియ్యం పోయడం మాత్రం వద్దు, ఆ దుమ్ము కాగితానికి పడదు. వంటింటి అటక మీదా పెట్టొద్దు.

చాలామంది మరిచిపోయేది ప్యాకెట్ విప్పే వేళ. విశాఖ నుంచి ఏసీ కారులో వచ్చి దిగగానే కళ్లద్దాలు మసకబారతాయి చూడండి, చల్లటి కాగితానికీ అదే గతి. సీలు తీయకుండా గదిలో కొన్ని గంటలు ఉంచి, ఆ తర్వాతే విప్పండి. ఫ్రిజ్‌లోంచి తీసిన డార్క్‌రూమ్ కాగితానికీ ఇదే పద్ధతి.

చెమ్మ తగిలిందని అనుమానమా? ఎండలో పెట్టకండి. కొత్త సిలికాజెల్‌తో డబ్బాలో రెండు రోజులు మూసి ఉంచి, చిన్న ముక్క మీద ముదురు రంగు ప్రింటు తీసి చూడండి. అంచులు పాకితే ఆ కాగితాన్ని పిల్లల బొమ్మలకు ఇచ్చేయండి. బూజు పట్టినదాన్ని ప్రింటర్లో పెట్టనే వద్దు.

ప్రింటు తీశాక ఒక రోజైనా ఆరనిచ్చి, అద్దానికి తగలకుండా అట్ట అంచుతో ఫ్రేము కట్టించండి. తడిసే గోడకు తగిలించకండి.

పెద్దాయనకు స్టూడియో ఆయన కొత్త ప్యాకెట్ విప్పి, డబ్బు తీసుకోకుండా మళ్లీ ప్రింటు తీసిచ్చారు. చిన్న ఫొటో మిగిలి ఉంది కాబట్టి సరిపోయింది. మీ ఇంట్లోనూ అలాంటి ఒకే ఒక్క ఫొటో ఉండే ఉంటుంది. వానలు పడకముందే స్కాన్ చేయించి, రెండు చోట్ల దాచండి.